కోటా, రేవూ: సూరత్ చరిత్ర వెలుగులో మాకియవెల్లీ రాజనీతి

పాలకుడు అధికారాన్ని ఏ విధంగా సంపాదిస్తాడు, సంపాదించిన అధికారాన్ని ఏ విధంగా నిలుపుకొంటాడు అనే ప్రశ్న రాజ్యమంత పాతది. ఆ ప్రశ్నను ధర్మశాస్త్రం నుంచి విడదీసి, కేవలం చరిత్రానుభవం మీద ఆధారపడి సమాధానం చెప్పడానికి పూనుకొన్న గ్రంథంగా నికొలో మాకియవెల్లీ 'ప్రిన్స్' ప్రసిద్ధి పొందింది. 1513లో రూపుదిద్దుకొన్న ఈ చిన్న పుస్తకం రచయిత మరణించిన అయిదేళ్ళకు, 1532లో అచ్చయింది. 1559లో రోమన్ చర్చి నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేరింది. ఆనాటి నుంచి దీన్ని కొందరు కుటిలనీతికి పాఠ్యగ్రంథమనీ, మరికొందరు ఆధునిక రాజనీతి శాస్త్రానికి నాంది అనీ చదువుతూ వచ్చారు. ఈ రెండు పఠనాలలోనూ ఒక లోపం ఉన్నది. మాకియవెల్లీ సూత్రాలు మంచివా చెడ్డవా అన్న చర్చ జరిగినంతగా, అవి ఏ రకం సమాజానికి వర్తిస్తాయి, ఎక్కడ వర్తించడం మానివేస్తాయి అన్న పరిశీలన జరగలేదు.

అటువంటి పరిశీలనకు సూరత్ నగరం అనువైన క్షేత్రం. తాపీ నది ముఖద్వారానికి చేరువలో వెలసిన ఈ రేవు పట్టణం మూడు శతాబ్దాల కాలంలో గుజరాత్ సుల్తానుల నుంచి మొగలు చక్రవర్తులకు, వారి నుంచి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి చేతులు మారింది. ప్రతి మార్పూ ఒక్కొక్క పద్ధతిలో జరిగింది. మాకియవెల్లీ వర్గీకరించిన అధికార సంపాదన మార్గాలలో చాలావాటికి ఇక్కడ ఉదాహరణలు దొరుకుతాయి. అంతకంటె ముఖ్యంగా, ఆయన గ్రంథంలో చోటు దొరకని ఒక శక్తి ఈ నగర చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా గ్రంథకర్త పరిస్థితిని గుర్తు చేసుకోవలసి ఉంటుంది. మాకియవెల్లీ పండితుడుగా కాక అధికారిగా జీవితం ప్రారంభించిన వ్యక్తి. 1498 నుంచి పద్నాలుగేళ్ళపాటు ఫ్లారెన్సు గణరాజ్యంలో కార్యదర్శి పదవిలో ఉండి, దౌత్యాలు నడిపి, సైన్య నిర్మాణానికి పాటుపడ్డాడు. 1512లో మెడిచి వంశం తిరిగి అధికారానికి రాగానే ఉద్యోగం పోయింది. మరుసటి సంవత్సరం కుట్ర ఆరోపణపై చెరసాల, చిత్రహింస అనుభవించవలసి వచ్చింది. విడుదలైన తరువాత నగరం వెలుపల తన పల్లెటూరి ఇంట కూర్చొని ఈ పుస్తకం రాసి, తన్ను హింసించిన వంశానికే అంకితం చేశాడు. కనుక అధికారం చేజారడమంటే ఏమిటో ఆయనకు స్వానుభవం. గ్రంథంలో మొదటినుంచి చివరి వరకు వినిపించే ఆందోళన పదవిని పొందడం గురించినది మాత్రమే కాదు. పోగొట్టుకోకుండా ఉండడం గురించినది.

ఆయన చెప్పిన విషయాలను సంగ్రహిస్తే ఇట్లా ఉంటుంది. అధికారం వారసత్వం వల్ల రావచ్చు, స్వశక్తి వల్ల రావచ్చు, అదృష్టం వల్లనో పరుల ఆయుధాల వల్లనో రావచ్చు. సులభంగా వచ్చినది నిలుపుకోవడం కష్టం, కష్టపడి తెచ్చుకొన్నది నిలుపుకోవడం సులభం. పాలకునికి సింహబలమూ నక్క జిత్తులూ రెండూ కావాలి. ప్రజలు ప్రేమించడమూ భయపడడమూ రెండూ పొసగనప్పుడు భయమే నమ్మదగినది. అయితే ఆ భయం ద్వేషంగా మారకూడదు. ద్వేషం కలగకుండా ఉండాలంటే పాలకుడు ప్రజల ఆస్తి జోలికి పోకూడదు. ఆస్తి నష్టాన్ని మనిషి ఆప్తుల మరణం కంటె ఎక్కువ కాలం గుర్తుంచుకొంటాడని ఆయన నిర్మొహమాటంగా అంటాడు. ఇరవయ్యవ అధ్యాయంలో కోటల ప్రయోజనాన్ని విచారించి, ప్రజల ద్వేషానికి గురికాకుండా ఉండడమే పాలకునికి అన్నిటికంటె గట్టి కోట అని తేలుస్తాడు.

సూరత్ చరిత్రను ఆ కోట దగ్గరనుంచే మొదలుపెట్టవచ్చు. 1530లో పోర్చుగీసు నౌకాదళం సూరత్‌నూ, ఎదుటి ఒడ్డున ఉన్న రాందేర్‌నూ తగులబెట్టింది. ఆ అనుభవంతో గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ కాలంలో, 1540ల దశకంలో, ఖుదావంద్ ఖాన్ తాపీ ఒడ్డున బలమైన కోట కట్టించాడు. స్వప్రజలకు భయపడే పాలకుడు కోట కట్టాలి, పరాయివారికి భయపడే పాలకుడు కోట లేకుండానే ఉండాలి అన్న మాకియవెల్లీ విభజనకు ఈ కోట లొంగదు. ఇది సముద్రం మీది శత్రువు కోసం కట్టినది. కాని మూడు దశాబ్దాలకే దాన్ని ముట్టడించినవాడు భూమార్గాన వచ్చాడు. గుజరాత్ దండయాత్రలో భాగంగా అక్బరు నెలన్నర ముట్టడి తరువాత 1573 ఫిబ్రవరిలో ఈ కోటను స్వాధీనం చేసుకొన్నాడు. ఇది స్వశక్తితో, సొంత సైన్యంతో సంపాదించిన అధికారం. మాకియవెల్లీ లెక్క ప్రకారం చిరకాలం నిలవవలసినది, నిలిచింది కూడా.

అయితే అది నిలిచిన తీరు గమనించదగినది. మొగలు ప్రభుత్వం సూరత్‌లో అధికారాన్ని ఒకరి చేతిలో పెట్టలేదు. నగర పాలన, సుంకాల వసూలు ముత్సద్ది పరం. కోట కిల్లేదారు పరం. ఇద్దరూ విడివిడిగా చక్రవర్తికి జవాబుదారులు. తెలుగులో ఇప్పుడు రాజనీతిజ్ఞుడనే అర్థంలో వాడుతున్న 'ముత్సద్ది' అనే మాట పుట్టుకలో ఇటువంటి కచేరీ ఉద్యోగిని సూచించినదే. ఒకరు తిరుగుబాటు చేస్తే మరొకరు అడ్డుకొంటారన్నది ఈ ఏర్పాటులోని ఉద్దేశం. స్థానికాధికారి బలపడకుండా చూడడంలో ఇది సఫలమైంది. కాని నగరాన్ని కాపాడడం ఎవరి బాధ్యత అన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు సమాధానం 1664 జనవరిలో దొరికింది. ఛత్రపతి శివాజీ సేనలు సమీపిస్తున్నాయని తెలియగానే ముత్సద్ది ఇనాయత్ ఖాన్ నగరాన్ని వదలి కోటలో తలదాచుకొన్నాడు. నాలుగు రోజులపాటు నగరం కొల్లగొట్టబడింది. ఆ కాలపు ప్రపంచ వాణిజ్యంలో మహా ధనికులుగా పేరొందిన వీర్జీ వోరా, హాజీ జాహిద్ బేగ్ వంటివారి ఇండ్లు, గిడ్డంగులు దోపిడీకి గురయ్యాయి. కొల్లసొత్తు విలువ కోటి రూపాయల దాకా ఉంటుందని అంచనా. ఇంగ్లీషువారు, డచ్చివారు తమ తమ వర్తక స్థావరాలను తామే కాపాడుకొన్నారు. కోట మీది ఫిరంగులు పేలాయి గాని, వాటివల్ల శత్రువుకంటె నగరానికే ఎక్కువ నష్టం కలిగింది.

ఈ ఘటనలో మాకియవెల్లీ పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే సందర్భం ఒకటి ఉన్నది. కోటలో ఉన్న ఇనాయత్ ఖాన్ సంధి మాటల మిషతో ఒక దూతను శివాజీ శిబిరానికి పంపాడు. ఆ దూత మాట్లాడుతూనే కత్తి దూసి శివాజీ మీదికి దూకి, అంగరక్షకుల చేతిలో హతుడయ్యాడు. ఫలితంగా బందీలు ఘోరమైన ప్రతీకారానికి గురి కావలసి వచ్చింది. 1502 డిసెంబరు చివర చెజారె బోర్జియా తన శత్రువులను స్నేహం పేరిట సెనిగాల్లియాకు రప్పించి బంధించిన ఉదంతాన్ని మాకియవెల్లీ మెచ్చుకోలుతో చెప్పాడు. పద్ధతి ఒక్కటే అయినా ఫలితాలు వేరు. బోర్జియా జిత్తుల వెనుక సైన్యం ఉన్నది. ఇనాయత్ ఖాన్ జిత్తుల వెనుక మూసిన తలుపు మాత్రమే ఉన్నది. సింహం తోడు లేని నక్క ఎంత దూరం పోగలదో సూరత్ చూపింది. ఈ మేరకు మాకియవెల్లీ సూత్రం అక్షరాలా రుజువైంది.

కోట గురించి ఆయన చెప్పిన మాటకు మాత్రం ఇక్కడ కొంత సవరణ అవసరమవుతుంది. ప్రజల ద్వేషం ఉన్నచోట కోట పాలకుణ్ణి కాపాడలేదని ఆయన వాదం. సూరత్‌లో కోట పాలకుణ్ణి చక్కగా కాపాడింది. కాపాడలేనిది నగరాన్ని. పాలకుని ప్రాణమూ పాలనా ఒకటి కావన్నది ఈ సంఘటన నేర్పే పాఠం. అక్బరు ఆస్థానంలో అబుల్ ఫజల్ రాజు విధిని నిర్వచిస్తూ ప్రజల ప్రాణం, ఆస్తి, గౌరవం, మతం అనే నాలుగింటి రక్షణకు ప్రతిఫలమే పన్ను అని భావించాడు. ఆ లెక్కన 1664లో సూరత్ ప్రజలు చెల్లించిన పన్నుకు ప్రతిఫలం దక్కలేదు. ఔరంగజేబు ఒక సంవత్సరం సుంకాలు మాఫీ చేసి, నగరం చుట్టూ ఇటుక గోడకు ఉత్తరువులిచ్చాడు. అయినా 1670 అక్టోబరులో నగరం మళ్ళీ కొల్లగొట్టబడింది.

ఈ రెండు దాడుల నడుమ జరిగిన మరొక సంఘటన చరిత్ర పుస్తకాలలో అంతగా కనబడదు గాని, రాజనీతి దృష్టితో చూస్తే దాడులకంటె ముఖ్యమైనది. 1669లో సూరత్ కాజీ మతమార్పిడి ఒత్తిళ్ళను సహించలేక బనియా వర్తకులు నగరాన్ని వదలి వెళ్ళారు. సెప్టెంబరులో ఎనిమిది వేల మంది దాకా భరూచ్‌కు తరలిపోయారని ఇంగ్లీషు వర్తక స్థావరపు లేఖలు తెలుపుతున్నాయి. వీరిని వెనుకకు మళ్ళించమని కాజీ కోరగా, వారు చక్రవర్తి ప్రజలు, ఆయన దేశంలో ఇష్టమైన చోటికి వెళ్ళవచ్చునని నగర పాలకుడు నిరాకరించాడు. అంతకు ముందు వర్తక ప్రముఖులు ఇంగ్లీషు అధ్యక్షుడు జెరాల్డ్ ఆంజియర్‌ను కలిసి బొంబాయిలో ఆశ్రయం దొరుకుతుందా అని కూడా విచారించారు. నగరంలో వ్యాపారం స్తంభించింది. సుంకాల కచేరీ, టంకశాల పని లేక మూతపడ్డాయి. చివరకు చక్రవర్తి నుంచి అభయం వచ్చిన తరువాతనే, డిసెంబరులో, వర్తకులు తిరిగి వచ్చారు.

ఇక్కడ ఒక్క కత్తి లేవలేదు, ఒక్క కుట్ర జరగలేదు. ప్రజలు పాలకుని మీద తిరగబడలేదు. పాలకుణ్ణి వదలి వెళ్ళారు. 'ప్రిన్స్' గ్రంథంలో లేని శక్తి ఇదే. మాకియవెల్లీ దృష్టిలో అసంతృప్తి చెందిన ప్రజ చేయగలిగినవి రెండే: కుట్ర పన్నడం లేదా దండెత్తి వచ్చినవానికి తలుపు తీయడం. నగరాన్ని వదలడమనేది ఫ్లారెన్సులో పాలకుడు విధించే శిక్ష. డాంటే మహాకవి ఆ శిక్షలోనే మరణించాడు. నగర బహిష్కారం ఇటాలియన్ నగర రాజ్యాలలో పాలకుని చేతి ఆయుధం. సూరత్‌లో అదే ఆయుధం ప్రజల చేతిలో ఉన్నది. ఇరవయ్యొకటవ అధ్యాయంలో, వర్తకులు తమ సొత్తు పోతుందన్న భయం లేకుండా వ్యాపారం చేసుకొనేటట్లు పాలకుడు చూడాలని మాకియవెల్లీ సలహా ఇవ్వకపోలేదు. అయితే దాన్ని పండుగలు, వేడుకలు జరిపించడం వంటి ప్రతిష్ఠాకర కార్యాల సరసన చేర్చి ముందుకు సాగిపోతాడు. వర్తకునికి మరొక రేవు ఉన్నదన్న ఊహ ఆయన వాదంలో పని చేయదు.

అదే కాలంలో ఆ ఊహ మరొక రాజనీతిజ్ఞునికి కలిగింది. మాకియవెల్లీ 1469 నుంచి 1527 వరకు జీవించగా, శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని పాలించాడు. రాయల 'ఆముక్తమాల్యద' చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యాన్ని కుమారునికి అప్పగించి వెళ్ళిపోతూ చేసిన రాజనీతి ఉపదేశం తెలుగు పాఠకులకు సుపరిచితం. కోటలను ఎవరి అధీనంలో ఉంచాలి, గూఢచారులను ఎట్లా వాడుకోవాలి, కోపాన్ని ఎప్పుడు అణచుకోవాలి వంటి విషయాలలో రాయలు మాకియవెల్లీకి తీసిపోని లౌక్యం చూపుతాడు. రేవుల విషయం వచ్చేసరికి మాత్రం ఆయన దృష్టి భిన్నంగా ఉంటుంది. గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు వచ్చి దిగేటట్లు రేవులను చక్కగా నడపాలనీ, విపత్తులో చిక్కి తన నేలను చేరిన పరదేశీయులను వారి వారి యోగ్యతకు తగినట్లు ఆదరించాలనీ, దూరదేశపు వర్తకులకు నగరంలో వసతి, కొలువులో గౌరవం, తగిన లాభం కల్పించాలనీ ఆయన ఆదేశం. కారణం కూడా చెబుతాడు: వారు తెచ్చే గుర్రాలు, ఏనుగులు తనకు దక్కకపోతే శత్రువుకు దక్కుతాయి.

ఈ చివరి మాటలోనే రాయల విశిష్టత ఉన్నది. ఇది వర్తకుల మీది ప్రేమతో చెప్పినది కాదు. రాజు ప్రయోజనం కోసం చెప్పినదే. ఆయన నీతిలోని కాఠిన్యాన్ని దాచి, ఆధునిక ఉదారవాదిగా చిత్రించడం సాహిత్య విమర్శ చేయదగిన పని కాదు. కాని వర్తకుడు వెళ్ళిపోగలడు, వెళ్ళిపోతే పోయేది వర్తకుని సొత్తు కాదు, రాజు బలం అన్న సత్యాన్ని ఆయన గ్రహించాడు. పరభూములనుంచి వచ్చే గుర్రాల మీద అశ్వబలం ఆధారపడిన రాజ్యాన్ని ఏలుతున్నవానికి ఈ గ్రహింపు సహజం. పదవి పోయిన అధికారి అధికారాన్ని పట్టుకొని ఉండడం గురించి రాస్తే, పదవిలో ఉన్న రాజు అధికారాన్ని వదలి వెళ్ళే రాజు నోట రాజనీతి చెప్పించాడు. రెండు రచనల స్వరంలో తేడాకు ఈ స్థితిభేదం కూడా ఒక కారణం కావచ్చు.

ఇటలీలో ఈ లోటును పూడ్చే ఆలోచన మాకియవెల్లీ తరువాత రెండు తరాలకు వచ్చింది. జొవాన్ని బొతేరో 1588లో నగరాల గొప్పతనానికి కారణాలను విచారిస్తూ ప్రత్యేక గ్రంథం ప్రకటించాడు. నగరం గొప్పతనం ప్రాకారాలలో గాక, ప్రజల సంఖ్యలోనూ సంపదలోనూ ఉన్నదనీ, బలవంతంగా చేర్చిన జనం నిలవరనీ, మనుషులను ఒక చోట కూర్చి ఉంచే శక్తులన్నిటిలో లాభమే బలమైనదనీ ఆయన నిర్ణయించాడు. సాంస్కృతిక పునరుజ్జీవన కాలపు రాజనీతి అంటే మాకియవెల్లీ ఒక్కడే అనుకోవడం వల్ల ఈ రెండవ గొంతు మరుగున పడింది.

సూరత్‌లో తరువాతి అధికార మార్పు ఈ రెండవ గొంతుకు సాక్ష్యంగా నిలుస్తుంది. మొగలు కేంద్రాధికారం సడలిన పద్దెనిమిదవ శతాబ్దంలో నగర పాలకుల బలవంతపు వసూళ్ళు పెరిగాయి, వర్తకం క్షీణించింది. 1700 నుంచి 1750 వరకు సాగిన ఈ క్షీణతను ఆశిన్ దాస్ గుప్తా 1979లో వెలువడిన గ్రంథంలో సమగ్రంగా చిత్రించాడు. 1759 మార్చిలో ఈస్టిండియా కంపెనీ కోటను పట్టుకొన్నది. ఆ తరువాత చక్రవర్తి పేరిటనే కిల్లేదారీని, నౌకాదళాధిపత్యాన్ని ఫర్మానా ద్వారా పొందింది. నవాబు నవాబుగానే ఉన్నాడు. కోట బురుజుల మీద మొగలు పతాకమూ ఇంగ్లీషు పతాకమూ రెండూ ఎగిరాయి. 1800లో ఒప్పందం ద్వారా నగర పాలన పూర్తిగా కంపెనీ పరమైంది. 1842లో చివరి నామమాత్రపు నవాబు మరణంతో ఆ పేరు కూడా అంతరించింది. పాత రాజ్యాన్ని మార్చదలచినవాడు కనీసం పాత రూపాల నీడనైనా మిగల్చాలని మాకియవెల్లీ లివీ చరిత్రపై రాసిన ప్రసంగాలలో చెప్పాడు. ఆ నీడ సూరత్‌లో ఎనభై మూడేళ్ళు నిలిచింది.

కంపెనీ విజయానికి బనియా షరాబుల ధనమూ మద్దతూ కారణమని లక్ష్మీ సుబ్రమణియన్ 1996 నాటి గ్రంథంలో వాదించగా, అటువంటి కూటమి ఉన్నదన్న అభిప్రాయాన్ని మికెల్ గుల్యెల్మో తోర్రీ తీవ్రంగా విమర్శించాడు. ఈ వివాదంలో ఎవరి పక్షం వహించినా ఒక్క విషయం కాదనలేనిది. కంపెనీ తన పశ్చిమతీర కేంద్రాన్ని 1687లోనే సూరత్ నుంచి బొంబాయికి మార్చుకొన్నది. 1669లో బొంబాయి గురించి విచారించిన వర్తకుల సంతతివారు తరువాతి కాలంలో క్రమంగా ఆ నగరానికి చేరారు. కొత్త పాలకుడు కోటను తెచ్చుకొన్నాడు గాని, రేవు అప్పటికే మరొక చోటికి వెళ్ళిపోయింది. అంతమాత్రాన సూరత్ ప్రజలు పాత ఆయుధాన్ని మరచిపోలేదు. 1844లో ఉప్పు సుంకాన్ని రెట్టింపు చేసినప్పుడు అంగళ్ళు మూతపడి, అల్లర్లు చెలరేగి, ప్రభుత్వం పెంపులో కొంత తగ్గించుకోవలసి వచ్చింది.

ఈ కథ గతంతో ముగియలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం కొద్ది రోజులలోనే సూరత్‌ను వదలి వెళ్ళారు. పారిశుద్ధ్యాన్ని సంవత్సరాల తరబడి నిర్లక్ష్యం చేసిన పాలన మీద అది మాటలు లేని తీర్పు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు హయాంలో అధికారులు ప్రతిరోజూ వీధులలోకి వెళ్ళి పని చూడడం, పలుకుబడి గలవారి ఆక్రమణలను కూడా తొలగించడం వంటి చర్యలతో నగరం దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో ఒకటిగా పేరు తెచ్చుకొన్నది. వెళ్ళినవారు తిరిగి వచ్చారు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి అక్కడి మగ్గాల మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలను ఆ నగరంలో నిలిపి ఉంచుతున్నది కోట కాదు. పని, నీరు, గాలి, భద్రత.

మాకియవెల్లీని తోసిపుచ్చవలసిన అవసరం దీనివల్ల ఏర్పడదు. అధికారం ఎట్లా చేతికి వస్తుందో ఆయనంత స్పష్టంగా చెప్పినవారు అరుదు. సూరత్‌ను జయించిన వారందరూ ఆయన సూత్రాలకు ఉదాహరణలే. కాని అధికారం నిలవడం విషయంలో ఆయన పాలకుని ముఖం చూసి రాశాడు. రాయలు రేవు వైపు కూడా చూశాడు. పాలకుణ్ణి ప్రజలు ప్రేమిస్తున్నారా, భయపడుతున్నారా అన్నది పాత ప్రశ్న. వెళ్ళిపోగలిగి ఉండి కూడా వారు ఉంటున్నారా అన్నది సూరత్ వేసే ప్రశ్న. పరిపాలనలో ఉన్నవారు తమ దస్త్రాలలో వెదుక్కోవలసినది ఈ రెండవ ప్రశ్నకు సమాధానాన్నే.